ఎడమ దవడ

నా కుడి పిడికిలి మీద, చూపుడువేలి కణుపు దగ్గర, ఒక తెల్లటి మచ్చ ఉంది. జిరాక్స్ మెషీన్ మూత ఎత్తి దించే ప్రతిసారీ కళ్ళ ముందుకు వస్తుంది. అశోక్‌నగర్‌లో నా షాపు. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు నోట్సు కాపీల కోసం వస్తుంటారు. వాళ్ళలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "ఏమైంది అంకుల్, కాలిందా?" అని. "ఫుట్‌బాల్ ఆడేటప్పుడు తగిలింది" అంటాను. తగిలింది అన్నదే నాకు అలవాటైన మాట. కొట్టాను అన్న మాట నోటికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇక్కడ ఆ మాటే రాస్తాను. 1991లో ఒక మ్యాచ్ మధ్యలో నేను ఒక మనిషిని కొట్టాను. అతని ఎడమ దవడ ఎముక రెండు చోట్ల విరిగింది. ఈ మచ్చ అతని పన్ను దిగిన చోటు.

మాది నల్లకుంట. శంకర్‌మఠం వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు. నాన్న చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. సీసం అక్షరాలు ఏరి ఏరి ఆయన వేళ్ళ చివరలు ఎప్పుడూ బూడిదరంగులో ఉండేవి. గొంతు పెంచి మాట్లాడిన మనిషి కాదు. నా కోపం ఎవరి పోలికో అని అమ్మ తన పుట్టింటి వాళ్ళందరినీ ఒక్కొక్కరినే తలుచుకుని, ఎవరూ దొరకక ఊరుకునేది.

ఫీవర్ ఆసుపత్రి ప్రహరీగోడ నా మొదటి గోల్‌పోస్టు. ఆ గోడకు తగిలిన బంతి ముట్టుకుంటే ఏ రోగం అంటుకుంటుందోనని అమ్మకు భయం. ఇంటికి రాగానే డెట్టాల్ నీళ్ళతో కాళ్ళు చేతులు కడిగించి గాని లోపలికి రానిచ్చేది కాదు. అయినా రోజూ అక్కడికే పోయేవాణ్ణి. ఎంత గట్టిగా కొడితే బంతి అంత గట్టిగా తిరిగొస్తుంది. దాన్ని పాదంతో చంపి, కింద పడకముందే మళ్ళీ కొట్టాలి. కుడికాలితో వంద, ఎడమకాలితో వంద.

పన్నెండేళ్ళప్పుడు నారాయణగూడ వై.ఎం.సి.ఎ. మైదానంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే సాబ్ నన్ను చూశారు. ఆయన పేరు ఇక్కడ రాయను. రాయొద్దని ఆయనే అనేవారు, పేరు రహీం సాబ్‌ది చెప్పుకోండి చాలు అని. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఆయన నోట రోజుకు నాలుగుసార్లు రావలసిందే. రహీం సాబ్ మొదట బడి పంతులు. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగిన కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు తెచ్చింది. భారత జట్టుకు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్ళీ బంగారం. ఈ మూడూ ఆయన శిక్షణలో వచ్చినవే. జకార్తా వెళ్ళేనాటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉంది. మరుసటి జూన్‌లో పోయారు. బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి ఆయన పిల్లలకు టోర్నమెంట్లు నడిపేవారట. సాబ్ మాతో అదే చేయించేవారు. ఆదివారం ఆటలో కుడికాలివాడు కుడికాలు వాడితే ఫౌల్. ఫీవర్ ఆసుపత్రి గోడ పుణ్యాన నాకు ఆ ఆట కష్టమనిపించలేదు.

సాబ్ రెండో కథ తులసీదాస్ బలరాంది. సికింద్రాబాద్ దాటాక అమ్ముగూడలో పేదింట పుట్టిన కుర్రాడు. ప్రాక్టీసుకు అంత దూరం రాలేనంటే సైకిల్ అద్దెకు డబ్బులు రహీం సాబే జేబులోంచి ఇచ్చారు. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ వేశాడు. ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యాడు. జకార్తా బంగారు జట్టులో ఉన్నాడు. 1963లో ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, ఇరవై ఏడేళ్ళకే ఆట ఆగిపోయింది. "జబ్బు చేసి ఆగింది. అది దేవుడి పని. మీ చేతుల్తో మీరు ఆపుకోకండి" అని సాబ్ మా అందరికీ చెప్పేవారు. అప్పటికి అది మామూలు మాట. ఆయన నావైపు చూసి చెప్పేవారని తర్వాత తెలిసింది.

ఆట సంగతి దాచుకోను, నాకు గోల్ వేయడం వచ్చు. పదిహేడేళ్ళకు సెంటర్ ఫార్వర్డ్‌గా లీగ్‌లో దిగాను. ఇరవై ఒకటికి ఒక ఆఫీసు జట్టు నన్ను పిలిచి నెలజీతం మీద పెట్టుకుంది. రెండేళ్ళు ఆడితే ఉద్యోగం పర్మనెంట్ అన్నారు. అప్పట్లో మాలాంటివాళ్ళకు ఆట అంటే అదే. ఆంధ్రా పోలీస్, ఆర్టిలరీ సెంటర్, ఇ.ఎం.ఇ. సెంటర్ లాంటి జట్లు లీగ్‌లో ఉండేవి. ఎక్కడో ఒకచోట కుదురుకుంటే ఇల్లు నిలబడుతుంది.

ఒక విషయం వివరంగా చెప్పాలి. గోల్ ముందు నాకు కోపం ఉండేది కాదు. డీ లోపల బంతి కాలికి అందిన క్షణంలో చుట్టూ చప్పుడు తగ్గిపోయేది. కీపర్ బరువు ఏ కాలి మీద వేశాడో కనిపించేది. అతను ఎడమకాలి మీద ఒరిగి ఉంటే ఎడమవైపుకు వెంటనే దూకలేడు, అటే కింద నుంచి జరపాలి. ఇదంతా ఆలోచించి చేసేది కాదు. ఆ అర సెకనులో నాకన్నా నెమ్మదస్థుడు నల్లకుంటలో ఉండడు. కోపం వేరే చోట మొదలయ్యేది. ఎవడైనా చొక్కా పట్టి లాగితే, రిఫరీ చూసీ చూడనట్టు పోతే, చెవుల వెనక వేడి పుట్టేది. తర్వాత పళ్ళు బిగుసుకునేవి. ఆ తర్వాతి సంగతి ఎవరో చెబితే నాకు తెలిసేది. గోల్ వేసే ఆటగాడు, తన్నే మనిషి ఇద్దరూ ఒకడేనని అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. ఆ వేడి లేకపోతే గోల్ రాదని స్నేహితులు అనేవారు. నాకు మిర్చి అని పేరు పెట్టింది కూడా వాళ్ళే. మైదానం బయట నుంచి "మిర్చీ, మిర్చీ" అని అరుపులు వినబడితే నా ఒళ్ళు పొంగేది.

కొట్టిన రోజుకు ముందే చాలా జరిగాయి. పద్దెనిమిదేళ్ళప్పుడు లైన్స్‌మన్ జెండా లాక్కుని విరిచాను. ఇరవైలో సొంత జట్టు హాఫ్‌బ్యాక్‌ను, పాస్ ఇవ్వలేదని, హాఫ్‌టైములో గోడకు అదిమాను. ప్రతిసారీ మరుసటి మ్యాచ్‌లో గోల్ వేసేవాణ్ణి, అంతా మాఫీ అయ్యేది. ఇప్పుడనిపిస్తుంది, ఆ గోల్స్‌లో రెండు మూడు రాకపోయి ఉంటే బాగుండేదని.

1991 సెప్టెంబరు. సికింద్రాబాద్ జింఖానా మైదానం, లీగ్ మ్యాచ్. ముందురోజు వాన పడి నేల మెత్తగా ఉంది. నన్ను కాసే స్టాపర్ బొల్లారం వాడు, నాకన్నా ఏడాది చిన్న. వాడూ నాలాగే ఒక ఆఫీసులో తాత్కాలికం. మొదటి నిమిషం నుంచి నా వెనకే. మోచెయ్యి పక్కటెముకల్లో. కార్నర్ పడ్డ ప్రతిసారీ స్టడ్స్‌తో నా పాదం మీద నిలబడేవాడు. చెవి దగ్గర ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. అప్పటికి గోల్ పడలేదు. అరవై నిమిషాలు దాటాక మాకు ఇంకో కార్నర్. రిఫరీ జెండా వైపు చూస్తున్నాడు. స్టాపర్ నా చెవిలో మా అమ్మను ఒక మాట అన్నాడు.

నేను తిరిగి కొట్టాను. క్యారమ్ బోర్డు అంచుకు స్ట్రైకర్ తగిలితే వచ్చే చప్పుడు వచ్చింది. వాడు కూర్చున్నట్టుగా కిందికి జారాడు. చేతులు మొహానికి పెట్టుకోలేదు. నోరు మూయలేకపోయాడు. రిఫరీ పరుగెత్తుకొచ్చి ఎర్రకార్డు తీస్తే ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి తోశాను. ఆయన బురదలో పడ్డాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి. అప్పుడు బయట నుంచి ఎవరో అరిచారు, "శభాష్ మిర్చీ" అని. చప్పట్లు కూడా వినబడ్డాయి. నాకు ఇప్పటికీ నిద్రలో వినిపించేది దవడ చప్పుడు కాదు, ఆ చప్పట్లు.

చెట్టు కింద కూర్చున్నాను. వేలినుంచి రక్తం కారుతుంటే ఎవరో బకెట్లో నీళ్ళు పెట్టారు. సాబ్ వచ్చారు. తిడతారనుకున్నాను, కొడతారని కూడా అనుకున్నాను. ఆయన నేల మీద కూర్చుని నా బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టారు. తడిసి బిగుసుకుపోయిన ముడులను గోళ్ళతో ఒక్కొక్కటే విప్పారు. పన్నెండేళ్ళప్పుడు ఆ ముడి వేయడం నేర్పింది ఆయనే. రెండు బూట్లూ తీసి పక్కపక్కన పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా ఆసుపత్రికి పోయారు, వాడి దగ్గరికి.

మూడోరోజు నాన్న నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళారు. నేను రానన్నాను. "నేను ఒక్కణ్ణే పోతే నేను కొట్టినట్టుంటది" అన్నారు నాన్న. అంతే అన్నారు. వార్డులో వాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి సన్నటి తీగలతో కట్టేశారు. ఆరు వారాలు అలాగే ఉండాలి, పంటి సందుల్లోంచి పోయేదే తిండి. వాళ్ళమ్మ పప్పుకట్టు వడగట్టి గొట్టంతో తాగిస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు, తిట్టనూ లేదు. గిన్నె పక్కన పెట్టి కొంగుతో వాడి గడ్డం తుడిచింది. వాడి దగ్గర ఒక పలక ఉంది, మాట్లాడలేడు కనుక. సుద్దముక్క తీసి రాసి నాకు చూపించాడు. "ఎవరు గెలిచారు?"

మూడు రోజులుగా వాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పదిమందితో ఆడి మావాళ్ళు ఒక గోల్‌తో ఓడిపోయారు. "మీరే" అన్నాను. వాడు తల ఊపి, పలక తుడిచేశాడు.

వాళ్ళన్న కేసు పెడతానన్నాడు. పెట్టి ఉంటే న్యాయమే. సాబ్, నాన్న వాళ్ళింటికి నాలుగుసార్లు తిరిగారు. ఖర్చులన్నీ మేము భరించేట్టు మాట అయ్యింది. అమ్మ గాజులు నారాయణగూడలో తాకట్టుకు పోయాయి. అవి మళ్ళీ ఇంటికి రాలేదు. తర్వాత ఎన్ని ఏళ్ళు సంపాదించినా నేను ఆ రెండు గాజుల బరువు సంపాదించలేదనే నా లెక్క. వేరే గాజులు కొనిచ్చాను. అమ్మ పండగలకు వేసుకుని తీసి లోపల పెట్టేసేది.

కమిటీ ముందుకు తెల్లచొక్కా వేసుకుని వెళ్ళాను. రిఫరీ రిపోర్టు చదివారు. ఎదుటి ఆటగాణ్ణి కొట్టడం ఒకటి, రిఫరీ మీద చెయ్యి వేయడం ఇంకొకటి. ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. మా అమ్మను అన్నాడని చెబుదామని నోరు తెరిచాను. పలక గుర్తొచ్చి మూసేశాను. రెండేళ్ళ నిషేధం వేశారు. తక్కువే వేశారని ఇప్పుడనుకుంటాను, అప్పుడనుకోలేదు. నెల తిరగకముందే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సేవలు ఇక అవసరం లేదని రెండు వాక్యాలు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని కాగితం ఆ కొస నుంచి ఈ కొసకు చదివారు. "తప్పుల్లేవు" అని మడిచి ఇచ్చారు. అక్షరాల సంగతి చెప్పారో, అందులో ఉన్న సంగతి చెప్పారో నేను అడగలేదు.

నిషేధం అంటే ఏమిటో బయటివాళ్ళకు అంత తేలిగ్గా తెలియదు. ఎవరూ కట్టేయరు. పొద్దున ఐదింటికి ఒంటికి అలవాటుగా మెలకువ వస్తుంది, కాళ్ళు లేస్తాయి, పోవడానికి చోటు ఉండదు. సాయంత్రం రాంనగర్ చౌరస్తాలో పాత స్నేహితులు కనిపిస్తే మిర్చీ అనే పిలుస్తారు. పేరు అదే, కాని వెంటనే వేరే మాట ఎత్తుకుంటారు. కొన్నాళ్ళకు చప్పట్లు కొట్టినవాళ్ళ మొహాలు వెతకడం మొదలుపెట్టాను. వాళ్ళలో ఒక్కడినీ గుర్తుపట్టలేకపోయాను.

ఆ కోపం అంతా ఇంట్లోకి వచ్చింది. కంచం తోసేయడం, తలుపు తన్నడం. 1992లో ఒక రాత్రి, అన్నంలో రాయి వచ్చిందని అరుస్తూ లేచి చెయ్యి విసిరాను. అమ్మ మీద కాదు, గాలిలోకి. అమ్మ చెయ్యి తన ఎడమ దవడ మీదికి పోయింది. తనకు తెలియకుండానే పోయింది. నాన్న చూశారు. నేను చూశాను. ముగ్గురం అలాగే ఉండిపోయాం. తర్వాత అమ్మ వంగి కింద పడ్డ మెతుకులు ఏరింది. ఆ రాత్రి ఫీవర్ ఆసుపత్రి గోడ దగ్గర తెల్లారేదాకా కూర్చున్నాను. బంతి తీసుకెళ్ళలేదు.

పొద్దున్నే సాబ్ ఇంటికి పోయి, నాకేదో రోగం ఉంది అన్నాను. అప్పుడు మాకు తెలిసిన డాక్టర్లు జ్వరాలకే. మనసుకు డాక్టరు ఉంటాడని తెలిసినా పిచ్చి అంటారని ఎవరమూ పోయేవాళ్ళం కాదు. పోవలసింది. ఈ మాట నా షాపులో కోపంతో వణికే కుర్రాళ్ళు కనిపిస్తే ఇప్పుడు చెబుతాను, పొమ్మని. సాబ్‌కు తెలిసిన మందు ఒక్కటే. నా మెడలో విజిల్ వేశారు. రోజూ పొద్దున చిన్నపిల్లల ఆటకు నేను రిఫరీని. అరిచిన ప్రతిసారీ మైదానం చుట్టూ ఒక రౌండు పరుగెత్తాలి. మొదటి వారం నేను పరుగెత్తిన రౌండ్లు ఏ సీజన్‌లోనూ పరుగెత్తలేదు.

విజిల్ నాకు నేర్పింది సాబ్ అనుకున్నది కాకపోవచ్చు. రిఫరీకి సగం ఆట కనిపించదు. ఇద్దరి మధ్య చెయ్యి తగిలిందా, బంతి తగిలిందా అన్నది నిలబడ్డ చోటును బట్టి ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఏడుస్తూ వచ్చి నా కడుపు మీద గుద్ది, "నువ్వు చూడలే, వాడు తన్నిండు" అన్నాడు. నిజంగానే చూడలేదు. బురదలో పడ్డ ఆ పెద్దమనిషికి నేను చేసింది నాకు అప్పుడు అర్థమైంది. ఆయన ఇల్లు కనుక్కుని వెళ్ళాను. మంచినీళ్ళిచ్చారు. "మీ ఎడమకాలు బాగుంటది" అన్నారు. మీరు అన్నారు నన్ను.

1993లో నిషేధం అయిపోయింది. కోపం చాలావరకు తగ్గింది. దాని చోటులోకి భయం వచ్చింది. ఎవరైనా వెనకనుంచి వచ్చి ఆనితే నా చెయ్యి ఎక్కడుందో ముందు చూసుకునేవాణ్ణి, బంతి తర్వాత. గాలిలో బంతికి లేవాలంటే మోచేతులు కొంచెం విచ్చుకోవాలి, అవి ఎవరి మొహానికి తగులుతాయోనని ఒళ్ళు దగ్గరికి ముడిచేవాణ్ణి. అలా ఎగిరినవాడికి తలతో గోల్ రాదు. కీపర్ బరువు ఏ కాలి మీద ఉందో కనిపించడం మానేసింది. నా గోల్స్ కోపంలోంచి వచ్చినవి కావని ఆ సీజన్‌లో గట్టిగా తెలిసింది. అవి నెమ్మదిలోంచి వచ్చినవి. నేను కోపంతో పాటు ఆ నెమ్మదిని కూడా పోగొట్టుకున్నాను.

1994లో కలకత్తా వెళ్ళాను, కింది డివిజన్ క్లబ్బు ఒకటి రమ్మంటే. హైదరాబాద్ ఆటగాడంటే అక్కడ ఇంకా మర్యాద ఉండేది. అది మా సంపాదన కాదు, ముందువాళ్ళది. మహమ్మద్ హబీబ్ పేరు చెబితే మెస్సులో వంటవాడు కూడా గరిటె ఆపేవాడు. 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2 చేసినప్పుడు అందులో ఒక గోల్ మన హబీబ్‌ది. వీధిలో నడుస్తుంటే నేను ఆయన ఊరివాణ్ణని చెప్పుకునేవాణ్ణి. అక్కడిదాకా బాగుండేది.

ఆగస్టు 16న మెస్సులో అందరూ రక్తదానానికి బయల్దేరారు. ఎందుకని అడిగితే చెప్పారు. 1980లో అదే రోజు ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్. మైదానంలో ఇద్దరు ఆటగాళ్ళ మధ్య గొడవ, ఇద్దరికీ ఎర్రకార్డులు. ఆ సెగ గ్యాలరీలకు పాకి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు. నేను క్యూలో నిలబడ్డాను. ముందు నిలబడ్డ పెద్దాయన వయసు మా నాన్నది. నా వంతు వచ్చి చెయ్యి చాపినప్పుడు నర్సు మచ్చ చూసి ఏదో అడిగింది. నాకు బెంగాలీ రాదు. రాకపోవడం మేలైంది.

జింఖానాలో ఆ రోజు నా వెనక యాభైమంది కూడా లేరు. వాళ్ళ స్థానంలో యాభైవేల మంది ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను ఆ సీజనంతా వదలలేదు. ఒక మ్యాచ్‌లో అక్కడి స్టాపర్ నన్ను నా రంగు మీద, భాష మీద ఒక మాట అన్నాడు. చెవుల వెనక వేడి పుట్టింది. నేను నడుచుకుంటూ గీత దాటి వచ్చి, నన్ను మార్చేయండి అని అడిగాను. కోచ్ మార్చాడు. నెలాఖరుకు లెక్క తేల్చి పంపించారు. నీలో పదును లేదు అన్నాడాయన. తప్పు పట్టను. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుని ఊరికి వస్తూ, ఈసారి ఎవర్నీ కొట్టకుండానే ఓడిపోయాను అనుకున్నాను. ఏడ్చాను కూడా. ఆ ఏడుపులో ఎక్కడో కొంచెం ఊరట ఉంది.

ఆట అయిపోయింది. 1995 జనవరిలో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పేపరు చూస్తుంటే ఎరిక్ కంటోనా ఫొటో కనిపించింది. ఎర్రకార్డు చూసి బయటికి పోతూ, తిట్టిన ప్రేక్షకుడి మీదికి గాలిలో ఎగిరి తన్నాడు. సెప్టెంబరు ఆఖరు దాకా నిషేధం. అక్టోబరు 1న లివర్‌పూల్ మీద మళ్ళీ దిగి పెనాల్టీ గోల్ వేశాడు. మాంచెస్టర్ యునైటెడ్ అతని కోసం ఆగింది. అసూయ పడ్డాను, ఒప్పుకుంటాను. కాని చూడగా చూడగా ఇంకొకటి తట్టింది. కంటోనా తన్నినవాడికి ఎముక విరగలేదు. పప్పుకట్టు గొట్టంతో తాగవలసిన అవసరం అక్కడ ఎవరికీ రాలేదు.

తర్వాతి సంగతులు త్వరగా చెబుతాను. నాన్న పనిచేసే ప్రెస్సులో కొన్నాళ్ళు. సీసం అక్షరాల కాలం పోయి డీటీపీ వచ్చింది. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు పెరిగేసరికి జిరాక్స్ షాపు పెట్టాను. పెళ్ళి, ఒక కొడుకు. వాడికి ఈ కథ చాలాకాలం చెప్పలేదు. 2006 జులైలో వరల్డ్ కప్ ఫైనల్ రాత్రి, వాడు పట్టుబట్టి నాతో మేలుకున్నాడు. రెండు కావస్తోంది. ఎక్స్‌ట్రా టైములో జిదాన్ వెనక్కి తిరిగి మాటెరాజ్జీ ఛాతీ మీద తలతో కొట్టాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను. వాడు వెనకే వచ్చి, "ఎందుకు కొట్టిండు నాన్నా, ఏమన్నడంట?" అన్నాడు. కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగి, గ్యాస్ పొయ్యి గట్టు మీద వాణ్ణి కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను. పలక సంగతి చెప్పాను. గాజుల సంగతి చెప్పాను. పక్కగదిలో మంచం మీద అమ్మ మేలుకునే ఉందని నాకు తెలుసు. కప్పు ఎవరు గెలిచారో మేమిద్దరం పొద్దున పేపర్లో చూశాం.

బొల్లారం వాడు మళ్ళీ ఆడాడు. మూడు సీజన్లు. తర్వాత ఒక ఫ్యాక్టరీలో చేరాడని విన్నాను. నేను ఎదురుపడకుండా తప్పుకునేవాణ్ణి, వాడూ అంతే అనుకుంటా. 2008లో ఒక మధ్యాహ్నం కూతురి సర్టిఫికెట్లు పట్టుకుని నా షాపు మెట్లెక్కాడు. నాదని తెలియక. మూత ఎత్తి ఒక్కొక్క కాగితం పెడుతుంటే వాడు నా చెయ్యి చూస్తూ నిలబడ్డాడు. డబ్బులు వద్దన్నాను. లెక్కపెట్టి, చిల్లరతో సహా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

2023 ఫిబ్రవరి 16న బలరాం చనిపోయారు. ఎనభై ఆరేళ్ళు. చివరి ఏళ్ళన్నీ బెంగాల్‌లోనే గడిపారు. 1962లో అర్జున వచ్చింది గాని పద్మశ్రీ రాలేదన్న బాధ, పాత క్లబ్బు తనను మరిచిందన్న బాధ ఆయన దాచుకోలేదు. అంత ఆటగాడికి కూడా ఒక పుండు మిగిలిపోయిందే అని ఆ పొద్దున షాపు తెరవబుద్ధి కాలేదు. పదకొండింటికి షట్టరు సగం ఎత్తేసరికి బొల్లారం వాడు బయట నిలబడి ఉన్నాడు. చేతిలో పేపరు. "అమ్ముగూడ ఆయన పోయిండు, చూసినవా?" అన్నాడు. బొల్లారానికి అమ్ముగూడ దూరం కాదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆ ఇల్లు చూపించేవాడట.

నారాయణగూడ దాకా నడిచి వెళ్ళి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ముప్ఫై ఏళ్ళు దాటాక. వాడికి జుట్టు మొత్తం పోయింది. నేను అడగాలనుకున్నది అడిగాను, "ఆ రోజు మా అమ్మను ఏమన్నవో యాదికున్నదా?"

"లేదు" అన్నాడు. కాసేపు ఆగి, "మా కోచ్ చెప్పిండు. మిర్చిని గెలుకు, గంటల బయటికి పోతడు అని. ఏదో ఒకటి అనుకుంట వచ్చిన. ఏ మాటకు కొట్టినవో నాకు తెల్వదు" అన్నాడు.

నాకు ఆ మాట అక్షరం అక్షరం గుర్తుంది. చెప్పలేదు. ఆ మాటను ముప్ఫై ఏళ్ళకు పైగా నేనొక్కణ్ణే మోశానన్నమాట.

"నొప్పి ఉంటదా?" అని అడిగాను.

"చలికాలం లేస్తది. కుడివైపే నములుత" అన్నాడు.

చాయ్ వచ్చింది, సాసర్లో రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఒకటి నా వైపు జరిపాడు. తనది చాయ్‌లో ముంచి, బాగా నానేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.